మైకు దించి మాట్లాడండి

కుంటివారు నడుస్తారు, గుడ్డివారు చూస్తారు, క్యాన్సర్ గడ్డలు కరిగిపోతాయి, అప్పులు తీరతాయి, అమెరికా వీసాలు వస్తాయి. తరలి రండి! ఒంగోలు నుంచి వరంగల్ దాకా ఏ బస్టాండు ముందు నిలబడినా ఇలాంటి ఫ్లెక్సీ ఒకటి కంటపడుతుంది. నడిమధ్యన సూటు వేసుకున్న దైవజనుడి నిలువెత్తు ఫొటో, పక్కన అమ్మగారి ఫొటో, కింద వరసగా స్థానిక పాస్టర్ల ముఖాలు. యేసుకు చోటు మిగిలితే ఓ మూల చిన్న సిలువ. సాయంత్రం ఆరింటికి మైదానంలో మైకు మొదలవుతుంది. రాత్రి పదకొండైనా ఆగదు. ఆ మైదానం పక్కనే పదో తరగతి పరీక్షకు చదువుకునే పిల్ల ఉంటుంది. గుండె ఆపరేషన్ అయి మంచాన పడ్డ ముసలాయన ఉంటాడు. వాళ్ళ చెవిన పడుతున్నది సువార్త అని మనం మురిసిపోతాం. వాళ్ళు కిటికీలు మూసుకుని మనల్ని తిట్టుకుంటారు. ఆ తిట్లు మనకు న్యాయంగా రావలసినవే.

నేను క్రైస్తవుణ్ణి. నమ్మినదాన్ని పక్కవాడితో పంచుకోవడం నాకు హక్కే కాదు, బాధ్యత కూడా అనుకునేవాణ్ణి. అందుకే ఇంత కోపం. సువార్తకు బయటి శత్రువులు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ తెలుగు నేల మీద సువార్త పరువు తీస్తున్నది ముందుగా మనమే. నా వాదన ఒక్కటే. వినేవాడు ‘నాకొద్దు’ అని, ఏ నష్టమూ లేకుండా, ఏ భయమూ లేకుండా లేచి వెళ్ళిపోగలిగితేనే అక్కడ జరిగింది సువార్త. ఆ ‘వద్దు’కు చోటు ఉంచకపోతే మిగిలేది బేరం, బెదిరింపు, గోల. మన పద్ధతులన్నింటినీ ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూద్దాం.

మొదట మైకు. మైకుకు ‘వద్దు’ అని చెప్పే వీలు ఎవరికీ లేదు. చెవులకు తలుపులుండవు. ఈ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయిన చరిత్ర కూడా మనదే. చెన్నైలో ఒక చర్చి హోరు భరించలేక కాలనీవాసులు కోర్టుకెక్కితే, 2000లో తీర్పు వచ్చింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని, మైకులూ డప్పులూ మత హక్కులో భాగం కాదని న్యాయస్థానం తేల్చింది. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకు మోగకూడదు. ఈ మాట అనగానే మనవాళ్ళ జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘గుడి మైకు మోగడం లేదా? మసీదు మైకు మోగడం లేదా?’ మోగుతుండవచ్చు. కొండ మీది ప్రసంగం విన్నామని చెప్పుకునేవాళ్ళకు ఎదుటివాడి తప్పు కొలబద్ద ఎప్పటినుంచి అయింది? తలుపేసుకుని రహస్యంగా ప్రార్థించమని చెప్పిన గురువుకు శిష్యులం మనం. ఉల్లిపాయలమ్మే ఆటోవాడు కూడా గుమ్మంలోకి మనిషి రాగానే మైకు ఆపి మాట్లాడతాడు. మన సువార్తికుడికి ఆ పాటి మర్యాద కూడా తెలియకపోతే ఎలా?

రెండోది స్వస్థత. దేవుడు రోగిని బాగుచేస్తాడని నమ్మడం వేరు, ఫలానా తేదీన, ఫలానా గ్రౌండులో, ఫలానా దైవజనుడి చేతుల మీదుగా బాగుచేస్తాడని ఫ్లెక్సీ కట్టడం వేరు. మొదటిది విశ్వాసం. రెండోది చట్టానికి కూడా దొరికిపోయే ప్రకటన. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, అంధత్వం వంటి జబ్బులను మంత్రతంత్రాలతో, మహిమలతో నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధిస్తూ 1954లోనే కేంద్రం చట్టం చేసింది. తాయెత్తులు కట్టేవాడి మీద ఆ చట్టం ప్రయోగించాలని మనం గొంతెత్తుతాం. నూనె సీసా మీద మన పాస్టరు గారి బొమ్మ ఉంటే మాత్రం కళ్ళకద్దుకుంటాం.

సువార్తలు తెరిచి చూడండి. కుష్ఠరోగిని బాగుచేసిన యేసు అతన్ని స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించాడా? ఎవరితోనూ చెప్పవద్దన్నాడు. వెళ్ళి యాజకుడికి చూపించుకోమన్నాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు తగ్గిందో లేదో పరీక్షించి నిర్ధారించే అధికారం యాజకుడిది. అంటే ప్రచారం వద్దు, పరీక్ష కావాలి. మన సభల్లో సరిగ్గా తలకిందులు. ప్రచారం కావాలి, పరీక్ష వద్దు. చేతికర్ర పడేసి నాలుగడుగులు వేసినామె మర్నాడు ఎలా ఉందో చూడ్డానికి ఏ దైవజనుడూ ఆ ఊళ్ళో ఉండడు. మందులు మానేయడమే విశ్వాసమని చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట నమ్మి షుగర్ మాత్రలు మానేసినవాడి కాలు తీసేయాల్సి వస్తే, ‘నీ విశ్వాసం చాల్లేదు’ అని నెపం మళ్ళీ అతని మీదికే నెడతారు. రోగం వచ్చిన మనిషి ‘వద్దు’ అనగలిగే స్థితిలో ఉండడు. బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే తల్లి ఏ గుమ్మమైనా తొక్కుతుంది. ఆ నిస్సహాయతను సభకు జనం పోగుచేసే సాధనంగా వాడుకోవడం క్రూరత్వం.

మూడోది డబ్బు. టీవీలో, యూట్యూబ్‌లో ‘విత్తన కానుక’ వెయ్యి పంపితే పదివేల ఆశీర్వాదం వస్తుందట. తెర కింద యూపీఐ నంబరు పరుగెడుతుంటుంది. అపొస్తలుల కార్యాల్లో గారడీ సీమోను డబ్బు తెచ్చి ఆత్మ వరాన్ని కొనబోతే పేతురు ఎలా మండిపడ్డాడో మన ఆదివారపు బడి పిల్లలకు తెలుసు. ఇవాళ సీమోనులు డబ్బు తేవడం లేదు, అడుగుతున్నారు. మండిపడే పేతురు మాత్రం కనబడడం లేదు. కూలి డబ్బుల్లోంచి కానుక పంపే ఆ అక్కల రక్తం ఎవరు తాగుతున్నారో మన సంఘ పెద్దలకు తెలియదా? తెలుసు. వచ్చే ఏడాది ఉజ్జీవ సభకు ఆ దైవజనుడే ముఖ్య ప్రసంగీకుడు కావాలి కనుక నోరు మెదపరు.

నాలుగోది తిట్టు. నడివీధిలో నిలబడి పక్కింటివాడు మొక్కే దేవుణ్ణి రాయి అనడం, రప్ప అనడం, అతని పండగను ఎగతాళి చేసి వీడియో తీసి పెట్టడం. దీనికి మనం పెట్టుకున్న పేరు ధైర్యం. తిరుమల కొండ మీదికి కరపత్రాలు పట్టుకెళ్ళడం కూడా ఆ జాబితాలోదే. అలాంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే తేవలసి వచ్చింది. అది అవసరపడిందంటేనే మనం సిగ్గుపడాలి. మెట్లెక్కి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్న మనిషిని ఆపి నీ మొక్కు దండగ అనడంలో ప్రేమ ఎక్కడుంది? ఏథెన్సుకు వెళ్ళిన పౌలు ముందు ఊరంతా తిరిగి చూశాడు. వాళ్ళ బలిపీఠాల మీద ఏం రాసి ఉందో చదివాడు. మాట్లాడవలసి వచ్చినప్పుడు వాళ్ళ భక్తిని గుర్తించి మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటే ఎత్తుకున్నాడు. కొందరు నవ్వారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు. నవ్వినవాళ్ళను పౌలు శపించలేదు, అక్కణ్ణించి వెళ్ళిపోయాడు. మన వీధి ప్రసంగీకులు పొరుగువాడి పురాణం ఒక్కటి చదవరు, వేమన పద్యం ఒక్కటి అప్పజెప్పలేరు. అయినా ఊరందరి నమ్మకాల మీదా తీర్పు చెప్పేస్తారు.

ఇవన్నీ లేకుండా సువార్త ఎలా వ్యాపిస్తుందని అడిగేవాళ్ళు మన తాతముత్తాతల చరిత్ర తిరగేయాలి. తెలుగు నేలలో అతిపెద్ద క్రైస్తవ ఉద్యమం ఒంగోలు చుట్టుపక్కల పుట్టింది. దాన్ని మొదలుపెట్టింది అమెరికా దొర కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి. మాదిగ కులస్థుడు, తాళ్ళకొండపాడు ఊరివాడు. అంతకుముందే గురువుల వెంట తిరిగి, యోగం అభ్యసించి, సత్యం కోసం వెతుక్కున్న మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాక ఆయన ఏ మైదానమూ అద్దెకు తీసుకోలేదు. తోళ్ళ బేరం మీద తిరిగిన ఊళ్ళకే, చుట్టాల ఇళ్ళకే, మాదిగ పల్లెల అరుగుల మీదికే వెళ్ళాడు. చెప్పులు కుడుతున్నవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడాడు. బావా, మామా అని పిలుచుకునే మనుషుల మధ్య జరిగిన ముచ్చట అది. నచ్చనివాడు నచ్చలేదన్నాడు, మర్నాడు కూడా బావ బావే. తర్వాత చేరిన వేలమందికి దారి వేసింది ఆ అరుగుల మీది మాటే.

ఇక ఆ అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర సంగతి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. మద్రాసు రాజధానిలో లక్షలమంది పిట్టల్లా రాలిపోయిన కాలం. క్లౌకు సర్వేయరు పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్న వేలమందికి పని పెట్టాడు, కూలి ఇచ్చాడు. ఆయన దగ్గర బోధకులే మేస్త్రీలు. పగలు కాలువ పని, సాయంత్రం నీడన కూర్చుని కబుర్లు, వాటిలో సువార్త. జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. సంఖ్యల కోసం పడిచచ్చే మన కాలపు సేవకుడైతే ఏం చేసేవాడు? కాలువ గట్టు మీదే ఫ్లెక్సీ కట్టేవాడు. క్లౌ దొర ఇవ్వనన్నాడు. ఒక నెలా రెండు నెలలూ కాదు, దాదాపు పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలి మీద ఉన్నవాడు అడిగే బాప్తిస్మం నిజంగా అతనిదో, అతని కడుపుదో తేలదని ఆయనకు తెలుసు. కరువు సాయం ముగిసి, కూలి డబ్బులు ఆగి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని స్పష్టంగా చెప్పాకే తలుపు తెరిచాడు. అప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు.

‘బియ్యం గింజల కోసం మతం మారినవాళ్ళు’ అని మన తాతలను ఇప్పటికీ వెక్కిరించేవాళ్ళకు ఇదే జవాబు. బియ్యం ఉన్నప్పుడు తలుపు మూసి ఉంది. బియ్యం అయిపోయాక వాళ్ళు నడిచి వచ్చారు. ఊరి చివర, చెరువు నీళ్ళు ముట్టుకోనివ్వని బతుకుల్లోంచి, తమను మనుషులుగా చూసిన మాట కోసం వచ్చారు. అది వాళ్ళ నిర్ణయం. వాళ్ళ బుద్ధి మీద అనుమానపడే హక్కు ఎవడికీ లేదు. కానీ ఈ జవాబు చెప్పే అర్హత మనకింకా మిగిలి ఉందా? తాతలు గుండ్లకమ్మ ఒడ్డున సంపాదించిన పరువును మనవలు నూనె సీసాలకు తాకట్టు పెడుతుంటే, రేపు ఏ మొహం పెట్టుకుని జవాబు చెబుతాం?

సేవను కూడా ఇదే గీటురాయి మీద గీయాలి. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టి, ఆడవాళ్ళను మగ డాక్టరు ముట్టుకోకూడదనే రోజుల్లో వాళ్ళ పురుళ్ళు పోసింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠరోగులకు ఆసుపత్రి కడితే పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ అనే హిందువు. మెదక్‌లో పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని కట్టడం మొదలుపెట్టిన చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరుచుకుంది. ఇప్పటికీ డిసెంబరు 25న ఆ ఆవరణలో అన్ని మతాలవాళ్ళూ కనిపిస్తారు. వాళ్ళనెవరూ ఆటోల్లో తరలించలేదు. మంచం మీద రోగి మతం ఏమిటో అడగని చోటికే జనం తమంతట తాము వస్తారు. ప్రార్థన చేయించుకుంటేనే మందు, బాప్తిస్మం తీసుకుంటేనే బడి సీటు అన్న మరుక్షణం ఆ సేవ ఎరగా మారుతుంది. చేపలు పట్టే జాలరులను పిలిచి యేసు ఇక మనుషులను పట్టమన్నది నిజమే. గాలం వేసి పట్టమని మాత్రం అనలేదు.

పాట మన చేతిలో ఉన్న గొప్ప సొత్తు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి పందొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు ఇప్పటికీ పల్లె మందిరాల్లో మోగుతున్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. ఈ ఊరి గాలిలో ఉన్న రాగంలోనే దేవుణ్ణి పాడాలని వాళ్ళకు తోచింది. 1978లో ‘కరుణామయుడు’ సినిమా వస్తే హిందువులూ ముస్లింలూ టిక్కెట్టు కొని చూశారు, కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు వెళ్ళారు. నచ్చినవాళ్ళు మరోసారి చూశారు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాస్తే కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చింది. ఆ మహాకవినే పురాణాలు చదువుతున్నాడని సాటి క్రైస్తవులు దూరం పెట్టారు. క్రీస్తు కథను తెలుగువాళ్ళందరి చేతికీ అందించగలిగిన కలాన్ని వెలివేసిన జాతి మనది. ఇవాళ ఆ స్థానంలో ఎవరున్నారు? ఏ భాషో తెలియని ఇంగ్లీషు యాసలో తెలుగు అరిచే కోటుబాబులు.

తర్వాత డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, కృతజ్ఞులం, కానీ మాకు కావలసింది స్నేహితులు అన్నది దాని సారం. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, పల్లె పల్లెకూ తిరిగిన మనిషి ఆయన. ప్రతి విశ్వాసీ, కూలివాడైనా సరే, తన పొరుగువాడికి తానే సాక్షి అని నేర్పారు. గుడి, మసీదు, చర్చి నిర్మాణ రీతులు కలగలిసిన డోర్నకల్ కెథడ్రల్ ఆయన కలే. ఆయన తెల్లవాళ్ళను అడిగింది ఇప్పుడు మన పొరుగువాళ్ళు మనల్ని అడుగుతున్నారు. మన దగ్గర కరపత్రాలున్నాయి, స్నేహం లేదు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్నాయన తల్లి చనిపోతే అది ‘అన్యుల కార్యం’ అని గడప దాటని విశ్వాసి, వారం తిరక్కుండా అదే గడప సందులోంచి కరపత్రం తోస్తాడు. అతను చింపి పారేస్తే మనకు హింస జరిగిందని ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకుంటాం.

అన్నిటికన్నా గట్టి అడ్డుగోడ మన లోపలే ఉంది. దాని పేరు కులం. క్రీస్తులో అందరూ ఒకటేనని చెప్పే నోటితోనే మాల సంఘం, మాదిగ సంఘం అంటాం. పెళ్ళి ప్రకటనలో రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్ అని వేయిస్తాం. బిషప్ ఎన్నికల్లో కులాన్ని లెక్కగట్టి ఓట్లు వేస్తాం. ఇది చూస్తున్న బయటివాడు మన మాట ఎందుకు వినాలి? వెయ్యి సభలు చేయలేని పనిని ఒక కులాంతర వివాహం, ఒకే పంక్తి భోజనం చేస్తాయి. సంఖ్యలు పెంచుకోవడానికి సముద్రాలు దాటి తిరిగే పరిసయ్యుల మీద యేసు విరుచుకుపడ్డ మాటలు మన మీదికే వస్తున్నాయని ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలి?

ఇప్పుడు బయటి శత్రువు సంగతి. రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివాడిని మతం మార్చే హక్కు లేదని అంది. ఆ తీర్పుతో విభేదించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా మాట ఏమిటంటే, మార్చే హక్కు ఎవరికీ అక్కర్లేదు. మారే హక్కు మాత్రం ప్రతి మనిషిదీ. దాన్ని గుంజుకోవడానికి ఏ ప్రభుత్వానికీ, ఏ గుంపుకీ అధికారం లేదు. ఇంట్లో చేసుకునే ప్రార్థనను కర్రలతో ఆపేవాడు నేరస్థుడు, అతని చేతిలో ఏ జెండా ఉన్నా సరే. దళితుడు చర్చికి వెళ్ళినందుకు ఎస్సీ హోదా పోగొట్టే 1950 నాటి ఉత్తర్వు కూడా ఆ ‘మారే హక్కు’ మీద వేసిన జరిమానాయే. వీటి మీద పోరాడాల్సిందే. కానీ పోరాడేవాడి చేతులు శుభ్రంగా ఉండాలి. ‘వద్దు’ అనే స్వేచ్ఛను మనం పొరుగువాడికి ఇవ్వకుండా, ‘అవును’ అనే స్వేచ్ఛను ప్రభుత్వం మనకివ్వాలని ఏ నోటితో అడుగుతాం? ప్రతి దొంగ స్వస్థత వీడియో, ప్రతి తిట్ల ప్రసంగం ఆ కర్రల గుంపుకు మనం ఉచితంగా అందించే ఆయుధం.

1999లో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు పసి కొడుకులనూ జీపులో తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని చెప్పి, కుష్ఠరోగుల సేవలోనే కొనసాగింది. ఆ ఒక్క మాట విని ఈ దేశంలో క్రైస్తవులు కానివాళ్ళు ఎంతమంది తలవంచారో గుర్తు తెచ్చుకోండి. ఆమెకు మైకు లేదు, బ్యాండు లేదు, ఫ్లెక్సీ లేదు.

కాబట్టి దైవజనులారా, సంఘ పెద్దలారా, తేల్చి చెప్పండి. రాత్రి పదింటికి మైకు ఆపుతారా లేదా? స్వస్థత జరిగిందన్న ప్రతివాణ్ణీ స్టేజీ మీదికి కాక డాక్టరు దగ్గరికి పంపుతారా లేదా? కానుకల లెక్క సంఘం ముందు పెడతారా లేదా? పక్కవాడి దేవుణ్ణి తిట్టినవాడికి మళ్ళీ వేదిక ఇవ్వబోమని అంటారా లేదా? అనలేకపోతే సువార్త పేరెత్తకండి, మీ వ్యాపారానికి వేరే పేరు చూసుకోండి. విశ్వాసులారా, మీకు పాస్టరు గారి అనుమతి అక్కర్లేదు. మీ వీధిలో పది ఇళ్ళవాళ్ళ పేర్లు తెలుసుకోండి. వాళ్ళ పెళ్ళికీ చావుకీ వెళ్ళండి. మీరెందుకిలా బతుకుతున్నారని వాళ్ళు అడిగిన రోజున, అడిగినంత మేరకు, గౌరవంగా చెప్పండి. విన్నాక వాళ్ళు వద్దనవచ్చు. వద్దన్న ఆ మనిషితో మర్నాడు కూడా అదే ఆప్యాయతతో కలిసి టీ తాగగలిగితే మీరు సువార్తికులు. తాగలేకపోతే మీరు అమ్మకాల ఏజెంట్లు. క్రీస్తుకు ఏజెంట్ల అవసరం ఎప్పుడూ రాలేదు.